చాచిన చెయ్యి

మెర్సీ మూడు పుస్తకాలూ అభిరామ్ బల్లమీద పరిచి, మూడింట్లోనూ ఒక్కో బొమ్మమీద వేలు పెట్టింది.

"మా ఆయన బొమ్మల కథలోని మాంత్రికుడు మీ అంతరిక్షం కథలోకి ఎందుకొచ్చాడండీ?"

అభిరామ్ పెన్సిల్ కింద పెట్టాడు. "ఎజ్రా పోయాక ఆ కథ ఆగిపోయింది కదండీ. స్నేహితుడి గుర్తుగా, నా రాకెట్ల వెనకాల జనంలో ఎక్కడో ఒకచోట నిలబెడుతున్నాను."

"సంతోషమేనండీ. కానీ ఆయన గీసిన మాంత్రికుడు ఎప్పుడూ పిడికిలి బిగించే ఉంటాడు. పదేళ్లు ఆ బొమ్మలకి రంగులేసింది నేనే. మీరు మూడుచోట్లా చెయ్యి చాచి గీశారు."

అభిరామ్ మూడు పుస్తకాలూ మూసి పక్కకి జరిపాడు.

"కొల్లేట్లో మీ ఇద్దరి పడవ తిరగబడగానే ఆయన మునిగిపోయారని చెప్పారు మీరు," అంది మెర్సీ. ఇక్కడికి రావడానికి భీమడోలులో రైలెక్కినప్పుడు లేని అనుమానం, ఆ మాట పైకి అన్నాకే ఆమెకు పుట్టింది.

"వెంటనే కాదండీ," అన్నాడతను తలెత్తకుండా. "చెయ్యి చాచాడు. నేను పడవ అంచు వదల్లేదు. మాంత్రికుణ్ణి ఎప్పుడు గీసినా ఆ చెయ్యే వస్తోంది."

అతని ముందున్న కాగితంమీద నాలుగో మాంత్రికుడు సగం తయారయ్యాడు. మొహం ఇంకా రాలేదు గానీ చెయ్యి అప్పటికే చాచి ఉంది. దానికి ఎదురుగా అంతా ఖాళీ.

మెర్సీ ఆ ఖాళీని చాలాసేపు చూసింది. తర్వాత పెన్సిల్ తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇక్కడ మిమ్మల్ని గియ్యండి, పడవతో సహా. రంగులు నేను వేస్తాను."