చాప మీంచి చూస్తే

“ఈవిడ కూతుర్ని నా కొడుక్కి చేసుకోనా? నిన్న సీరియల్లో కోడలి టీలో విషం కలిపింది. ఆ కళ్లు మూడుసార్లు దగ్గరికి లాగి మరీ చూపించారు!” అంది విర్యాతి, గుమ్మం దాటకుండానే.

సంబంధం తప్పిపోయేలా ఉందని పెళ్లికూతురు లారస్‌కి కన్నీళ్లాగలేదు.

“అది నటన వదినగారూ,” అంది ఆ సీరియల్లో అత్త వేషం వేసే ముర్తిని, లారస్ తల్లి. “మా కెమెరా అతను నేల మీద పడుకుని నా మొహం కిందనుంచి తీస్తాడు. అలా తీస్తే ఎవరైనా రాక్షసే. మేం చాప మీద కూర్చుంటాం, మీరు లోపలికొచ్చి కుర్చీలో కూర్చుని చూడండి.”

విర్యాతి కూర్చుని కిందికి చూసింది. “అయ్యో, ఎంత అమాయకపు మొహం!” అని కరిగిపోయింది.

కరిగాక, కాలు మీద కాలు వేసుకుంది. “అయితే పిల్ల ఉద్యోగం మానెయ్యాలి. రోజూ సంబల్ పచ్చడి రోట్లోనే నూరాలి. పుట్టింటికి పండక్కి తప్ప రాకూడదు.”

చాప మీంచి లారస్ తలెత్తి చూసింది. ఆ గడ్డం, ఆ ముక్కుపుటాలు, అన్నీ రోజూ టీవీలో చూసే రాక్షసివే.

“అమ్మా,” అంది కళ్లు తుడుచుకుని, “మీ కెమెరా అతను ఊరికే నేల మీద పడుకోడం లేదే. లే, చాప చుట్టేద్దాం.”