ఓటీపీ మోగిన చోటు

తన పేరుతో ఇంకెవరో లాగిన్ అయి ఉన్నారని స్క్రీన్ మీద చూసింది ఇవాంజెలిన్.

ఉద్దానం చర్చిల వెబ్‌సైట్లన్నిటికీ రిజిస్ట్రేషన్ ఒకటే. ఒకచోట పేరు నమోదైతే అన్నీ తెరుచుకుంటాయి. అందరి లాగిన్లూ చూసుకునేది ఆమే. కొట్టే భర్త ప్రదీప్‌ను సోంపేటలో వదిలేసి, ఈమధ్యే పలాస శివారు జీడితోటలో గది అద్దెకు తీసుకుంది. ఫోన్ నంబరు మార్చింది. మొన్ననే పాటల బృందం సైటులో కొత్త చిరునామా ఎక్కించింది.

వెంటనే పాస్‌వర్డ్ మార్చబోయింది. ఓటీపీ పంపామంది స్క్రీన్. చేతిలో ఫోన్ మోగలేదు.

తోటలో ఎక్కడో ఒక ఫోన్ టింగుమంది.

లేచి తలుపు గడియ చూసింది. వేసే ఉంది. ఓటీపీ కోసం మళ్లీ నొక్కింది. ఎండుటాకులు నలిగాయి. ఈసారి అరుగు మీద టింగుమంది.

సైటులో తన వివరాలు తెరిచింది. పెళ్లయిన కొత్తలో ఆ ఫారం నింపింది ప్రదీప్. ఆడవాళ్ల పేర్లకు ఇంటాయన నంబరు వేయడం అక్కడ మామూలే. ఆ నంబరు ఇంకా అలాగే ఉంది.

"ఎవులది?" అంది.

"నానేనే," అన్నాడు ప్రదీప్ తలుపు అవతలి నుంచి, నింపాదిగా. "ఊరందరి లాగిన్లూ సూత్తావు, నీది సూసుకోనేదేటి? అడ్రస్ మార్సగానే నాకు మెసేజ్ వొచ్చీసింది. ఓటీపీ నా ఫోనుకే గదా, నీ పేరుతో నానే లోపలికెల్లి అడ్రస్ సూసినాను. ఆ గడియ నమ్ముకోకే. పొద్దుట నువ్వు నీల్లకెల్లినప్పుడు దాని స్క్రూలు నానే ఒదులు సేసీసినాను."