పదో గడ్డి మనిషి

ఊనా పెళ్లి విందు సగంలో ఉండగా తలుపు మీద ఎవరో కర్రతో మూడుసార్లు కొట్టారు.

ఫిడేలు ఆగింది. పిల్లలు బల్ల కిందికి దూరారు.

గడ్డి మనుషులు వచ్చారు.

భుజాల దాకా దిగే గడ్డి టోపీలు, తిరగేసి తొడుక్కున్న కోట్లు. వాళ్లెవరో వాళ్లు చెప్పరు, ఎవరూ అడగరు. పెళ్లికూతురితో నాట్యమాడి, దీవించి, ఒక గ్లాసు పుచ్చుకుని వెళ్లిపోతారు. వాళ్లు వస్తే ఇంటికి శుభం. తరిమేస్తే అరిష్టం.

ఊనా మనసు కుదుటపడింది.

ఆమెకిది రెండో పెళ్లి. మొదటి భర్త కోర్మాక్ నాలుగేళ్ల కిందట పడవ మీద వేటకెళ్లి మళ్లీ రాలేదు. రెండోసారి పెళ్లాడుతున్నదాని ఇంటికి గడ్డి మనుషులు వస్తారా అని వారం రోజులుగా ఆమె పడని బెంగ లేదు.

వచ్చారు. ఒకరు ఎక్కువే వచ్చారు.

ఊనా అన్న మాలకీ లెక్కపెట్టాడు. ఊళ్లో గడ్డి మనుషులను నడిపే కోల్మన్ ముఠాలో ఎప్పుడూ తొమ్మిది మందే. ఈసారి పది. ఆ పదో ఆకారం పొట్టిగా, వంగి, తలుపు దగ్గరే నిలబడి ఉంది.

తొమ్మిది మందీ ఊనాతో నేల అదిరేలా ఆడారు, ఆమె పకపకా నవ్వింది. తర్వాత పదో చెయ్యి ఊనా ముందుకొచ్చింది.

అడుగు కుదరలేదు. తాళం ఒకవైపు, కాళ్లు ఒకవైపు.

"కాళ్లు నేల మీదున్నాయా, సీసాలో ఉన్నాయా?" అన్నాడు మాలకీ. అందరూ నవ్వారు. పక్క ఊరి తాగుబోతు ఎవడో ఉచితంగా విస్కీ దొరుకుతుందని దూరి ఉంటాడని గుసగుసలు మొదలయ్యాయి.

ఇంతలో బూటు కింద పడి ఊనా గౌను అంచు చిరిగింది. ఆ లేసు ఆమె చలికాలమంతా కూర్చుని అల్లింది.

"ఆడటం రానివాడివి ఎందుకొచ్చావు?" అంది చిరాగ్గా.

గడ్డి లోపలి నుంచి బొంగురు గొంతు, ఆమెకు మాత్రమే వినపడేటట్టు పలికింది.

"నీ పొయ్యి ఆరకూడదు. నీ గడప బోసిపోకూడదు. నువ్వు నవ్వినందుకు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకూడదు."

అలాంటి దీవెన ఊనా ఎన్నడూ వినలేదు.

పెళ్లికొడుకు ఫింటన్ లవంగాలు, నిమ్మచెక్క వేసిన వేడి విస్కీ తెచ్చి మర్యాదగా అందించాడు. గ్లాసు అందుకున్న చెయ్యి వణికింది. సగం విస్కీ బల్ల మీద పరిచిన తెల్లటి గుడ్డ మీద ఒలికింది.

"తాగింది చాల్లే," అంటూ మాలకీ గ్లాసు లాక్కుని, ఆ మనిషిని భుజం పట్టి బయటికి నడిపించాడు.

ఊనా ఒక్క మాటంటే ఆగేవాడు. ఆమె చిరిగిన లేసు వంక చూసుకుంటూ ఉండిపోయింది.

మర్నాడు పొద్దున కోల్మన్ వచ్చాడు. వంటింట్లో కూర్చుని, ఇచ్చిన టీ ముట్టకుండా, టోపీని చేతుల్లో తిప్పుతూ కాసేపు వాతావరణం గురించి మాట్లాడాడు.

"పేరు చెప్పనమ్మా. అది మా కట్టుబాటు," అన్నాడు చివరికి. "కానీ నిన్న మీరు గెంటేసిన మనిషి తాగి రాలేదు. ఆ చెయ్యి వణికింది వయసుకి. డెబ్బై తొమ్మిదేళ్లు."

ఊనా చేతిలోని గిన్నె కింద పెట్టింది.

ఇక్కడికి రెండు మైళ్లూ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచారని కోల్మన్ చెప్పాడు. అంతకుముందు నెల రోజులు అతని పశువుల కొట్టంలో అడుగులు నేర్చుకున్నారట. ఎన్నిసార్లు నేర్పినా మూడో అడుగు దగ్గర తప్పేవారట.

"నా మీద కోపమొచ్చిందా?" అంది ఊనా.

"కోపమా? దారి పొడుగునా కూనిరాగం తీస్తూ వచ్చారు. పిల్ల నవ్వడం చూశాను, నా బరువు దిగింది కోల్మన్, అన్నారు."

ఊనా కళ్లు తుడుచుకుంది. నాలుగేళ్లుగా బిగబట్టుకున్న ఊపిరేదో వదిలినట్టయింది.

"అసలు ఈ వయసులో ఈ గడ్డి టోపీ ఎందుకని నేనూ అడిగాను," అన్నాడు కోల్మన్ లేస్తూ. "పిలుపు రానివాళ్లు పెళ్లికి వెళ్లడానికి మన ఊళ్లో ఇంకో దారి లేదు కదా, అన్నారు."

ఊనా అప్పటికే శాలువా అందుకుంటోంది.

ఊరందరినీ పెళ్లికి పిలిచిన ఆమె, ఏ మొహం పెట్టుకుని పిలవాలో తెలియక గుమ్మం దాకా వెళ్లి రెండుసార్లు తిరిగొచ్చేసిన ఇల్లు ఒక్కటే ఉంది, కోర్మాక్ తల్లిది.