లాకుల దగ్గర ఇల్లు, ఆఖరి వారం

“ఆ పుస్తకం ఒక్కసారి ఇలా ఇవ్వండమ్మా. ఆఖరి పేజీలు ఫోన్లో ఫొటో తీసుకుని ఇచ్చేస్తాను,” అన్నాడు పబ్లిషర్ దుర్గాశంకర్.

“ఇవ్వను,” అంది చౌడేశ్వరి.

భవానీపురం లైబ్రరీ హాల్లో ఎనభై మంది ఉన్నారు. స్టేజీ మీద దండ వేసిన ఫొటోలో నవలా రచయిత్రి భానుశ్రీ నవ్వుతోంది. ఆవిడ పోయి నెల దాటింది. సంతాప సభంటే ఫ్యాను కింద కనీసం నలుగురైనా కునుకు తీస్తారు. ఈ సభలో ఒక్కరూ తీయలేదు. కారణం చౌడేశ్వరి ఒళ్ళో ఉంది.

అదొక బైండు పుస్తకం. నలభై ఏళ్ళ కిందట భానుశ్రీ వారపత్రికలో రాసిన ‘లాకుల దగ్గర ఇల్లు’ సీరియల్. అప్పట్లో ఆడవాళ్ళు వారం వారం సీరియల్ పేజీలు చింపి దాచుకుని, అయిపోయాక బైండు చేయించుకునేవాళ్ళు. చౌడేశ్వరికి అలాంటివి బీరువా నిండా ఉన్నాయి. ఆ రచయిత్రుల్లో ఇప్పుడు ఒక్కరూ బతికి లేరు. ఒక్కొక్కరు పోయిన రోజున ఆవిడ వంట మానేసి, వాళ్ళ నవల తీసి మొదటినుంచీ చదువుతుంది. చీరల కొట్టు నడిపే మొగుడు సాంబమూర్తి ఆ పూట హోటల్లో తింటాడు. పాపం, ఆయనకి ఏ రచయిత్రి ఎప్పుడు పోయిందో ఇడ్లీల లెక్కన గుర్తు.

ఈ సీరియల్ ఒక్కటే పుస్తకంగా రాలేదు. ముగింపు వేసిన సంచికతోనే పత్రిక మూతపడింది. ఆ సంచిక నాలుగు ఊళ్ళకి చేరిందో లేదో కూడా ఎవరికీ తెలీదు. రచయిత్రి దగ్గరున్న రాతప్రతి బుడమేరు వరదలో తడిసి ముద్దయిపోయింది. మళ్ళీ రాద్దామనుకునేలోపే పక్షవాతం వచ్చి ఆవిడకి చెయ్యీ మాటా పడిపోయాయి.

“ముగింపు లేని నవల వేస్తే జనం నన్ను తంతారు. అది దొరికితేనే పుస్తకం,” అని దుర్గాశంకర్ తేల్చేశాడు. భానుశ్రీ కూతురు ధనశ్రీ తెలిసినవాళ్ళందరినీ అడిగింది. ఎవరి దగ్గరా లేదు. చివరికి చౌడేశ్వరికి ఫోన్ చేసింది. ఇవతల బీరువా తెరిచిన చప్పుడు, పేజీలు తిప్పిన చప్పుడు వినిపించాయి.

“నా దగ్గర ఉందమ్మా,” అంది చౌడేశ్వరి తర్వాత.

మొదటి ముప్పై వారాలూ జిరాక్స్ తీయించి పంపింది. ఆఖరి వారం మాత్రం సభలో తనే చదువుతానంది.

“ఎందుకివ్వరండీ?” అన్నాడు దుర్గాశంకర్ మళ్ళీ.

“జిరాక్సుకే బైండు సగం ఊడిందండీ. పైగా పుస్తకం చెయ్యి దాటితే మళ్ళీ ఇంటికి రాదు. నేను చదువుతాను, మీరు రికార్డు చేసుకోండి.”

హాల్లో ఉన్నవాళ్ళంతా పుస్తకాలు అరువిచ్చి పోగొట్టుకున్నవాళ్ళే. అందరూ ఆవిడ వైపే మాట్లాడారు. దుర్గాశంకర్ చేసేది లేక ఫోన్ తెచ్చి మైకు పక్కన పెట్టాడు.

చౌడేశ్వరి చదవడం మొదలుపెట్టింది. ఎన్నిసార్లు చదివుంటుందో, సగం వాక్యాలు పేజీ వైపు చూడకుండానే చెప్పేస్తోంది. కథలో, ఏడేళ్ళ కిందట మంజరిని వదిలి వెళ్ళిపోయిన లక్ష్మీకాంత్ పడవ దిగి, కాలవ లాకుల దగ్గర ఇంటి ముందు నిలబడ్డాడు. తనతో వచ్చెయ్యమన్నాడు. మంజరి ఒక్కటే అడిగింది, “నువ్వెళ్ళిన రోజు నేను కట్టుకున్న చీర ఏ రంగు?”

అది సన్నంచు జరీ ఉన్న ఆకుపచ్చ మంగళగిరి చీర అని చదివింది చౌడేశ్వరి. ‘ఈ రచయిత్రికి చీరల సంగతి బానే తెలుసే’ అనుకున్నాడు వెనక వరసలో కూర్చున్న సాంబమూర్తి.

“తెలీదు. నువ్వేడుస్తున్నావు. నేను నీ మొహమే చూశాను,” అన్నాడు లక్ష్మీకాంత్. మంజరి వెళ్ళి, పడవకి దారిస్తూ లాకు తలుపులు తీసింది. పడవ లక్ష్మీకాంత్ లేకుండానే వెళ్ళిపోయింది.

హాల్లో ముక్కులు చీదడం మొదలైంది. రిటైర్డ్ హెడ్మాస్టర్ సంజీవరావుగారు లేచి నిలబడ్డారు.

“ఇదేనండీ ముగింపు. ఆ సంచిక నేను బస్టాండులో కొని, నిలబడి చదివాను. ఒక్క అక్షరం తేడా లేదు,” అన్నారు.

ధనశ్రీ వచ్చి చౌడేశ్వరి రెండు చేతులూ పట్టుకుంది. “అచ్చం మా అమ్మ మాట్లాడినట్టే ఉందండీ,” అంటూ ఏడ్చేసింది.

చౌడేశ్వరికీ దుఃఖం ఆగలేదు. “మనుషుల గురించి ఆలోచించడం నేర్పింది మీ అమ్మగారేనమ్మా. ఆవిడకి నేనేం ఇచ్చుకోగలను,” అంది. జనవరి పుస్తకాల పండక్కి నవల వచ్చేస్తుందని దుర్గాశంకర్ మైకులో చెప్పాడు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

తిరిగి వెళ్ళేటప్పుడు ఆటో ఎక్కీ ఎక్కగానే చౌడేశ్వరి నిద్రపోయింది. పది రోజులుగా రాత్రుళ్ళు కాగితాలు ముందేసుకుని కూర్చోవడంతో ఆవిడకి సరిగ్గా నిద్ర లేదు. సాంబమూర్తి జన్మలో నవల ముట్టుకున్న మనిషి కాడు. అయినా ఆ చీర సంగతి ఆయన్ని వదల్లేదు. ఇంకొక్కసారి చదువుదామని భార్య ఒళ్ళోంచి పుస్తకం మెల్లిగా తీసుకుని, ముప్పయ్యో వారం వెతికి పేజీ తిప్పాడు.

‘ముగింపు వచ్చే వారం’ అన్న లైను తర్వాత, ఇందాక ఆవిడ మైకు ముందు ఒక్కొక్కటే తిప్పిన ఆ పేజీల నిండా, బైండరు పొరపాటున కలిపి కుట్టేసిన ‘వేసవికి పన్నెండు రకాల వడియాలు’ తప్ప ఇంకేమీ లేదు.