ఎండకో తీరు, నీడకో తీరు

"ఇదేం నల్లద్దం బిడ్డా! ఎండనన్న ఆపుతలేదు, నీడల తోవనన్న కనపడనిస్తలేదు!"

హెల్మెట్‌లోంచే విసుక్కున్నాడు మంగీలాల్. బండి ములకలపల్లి దాటి పాల్వంచ వైపు పోతోంది. పొద్దున తొమ్మిదన్నా కాలేదు, ఏప్రిల్ ఎండ అప్పుడే మాడ్చేస్తోంది. వెనక సీటు మీద కూతురు ఉషారాణి, ఒళ్లో కాలేజీ బ్యాగు.

"ఏమైంది నాన్నా?"

"ఏమైందేంది, కళ్లల్ల సూదులు గుచ్చినట్టుంది. మొన్నటిదాక ఎండల సల్లగ ఉండె. రంగు పోయినట్టుంది. కొని నెలన్న కాలె!"

హెల్మెట్ పాల్వంచలో రోడ్డు పక్కన కొన్నదే. తెల్లద్దానికి నల్ల ఫిల్మ్ అంటించి, "ఎండాకాలమంతా నీకిక నీడే అన్నా" అని చేతిలో పెట్టాడు అమ్మినవాడు. ఎండలో నిజంగానే హాయిగా ఉండేది. పేచీ అంతా అడవి దగ్గరే. టేకు చెట్ల నీడలోకి దూరిందంటే చాలు, ఎవరో మొహం మీద గొంగడి కప్పినట్టయ్యేది.

ఇంకొకప్పుడైతే నవ్వి ఊరుకునేవాడే. కానీ సోమవారం డ్రైవర్లందరికీ కళ్ల పరీక్ష ఉంది. పదహారేళ్లుగా ఫ్యాక్టరీ షిఫ్టు బస్సు నడుపుతున్నాడు మంగీలాల్. నలభై మందిని డ్యూటీకి చేర్చి, డ్యూటీ అయిపోయినవాళ్లను ఇళ్ల దగ్గర దింపుతాడు. ఇన్నేళ్లలో బస్సు మీద ఒక్క గీత పడనివ్వలేదు. పరీక్ష తప్పితే స్టీరింగ్ పోతుంది. స్టీరింగ్ లేని మంగీలాల్‌ని తండాలో ఎవరూ ఊహించలేరు, అందరికన్నా ముందు మంగీలాలే ఊహించలేడు.

భార్య జమ్లి వారం రోజులుగా ఒకటే పోరు. "ఒక్కసారి దవాఖానల చూపిచ్చుకోరాదు?"

"అద్దం నల్లగుంటే నేను దవాఖానకు పోవాల్నా?" అని ఇతను అంతెత్తున లేచేవాడు.

అడవి మొదలైంది. అంతే, తోవ మాయమైంది.

మంగీలాల్ బండి నెమ్మది చేసి అద్దం పైకి నెట్టాడు. మొహానికి గాలి తగిలింది గానీ వెలుతురు పెరగలేదు. ఇదేం విడ్డూరం! మళ్లీ దించాడు. ఏం తేడా లేదు. మళ్లీ లేపాడు.

"నలుపు కళ్లకు అంటుకున్నట్టుంది బిడ్డా. అద్దం లేపినా పోతలేదు."

ఉషారాణి నవ్వలేదు. ఇంట్లో బయల్దేరితే కాలేజీ గేటు దాకా నోరు మూయని పిల్ల, ఇవాళ అడగడం తప్ప మాట్లాడటం లేదు.

"నాన్నా, మలుపు కాడ పసుపు బోర్డు ఉంది, కనపడుతుందా?"

"యాడుంది బోర్డు?"

కంట్లో పురుగు కొట్టేసరికి మంగీలాల్ అద్దం దించేసుకున్నాడు. కూతురు మళ్లీ అడిగింది.

"ముందట ఎవరన్న వస్తున్నరా?"

"ఎవరూ లేరు. రోడ్డు ఖాళీ."

"నాన్నా, బ్రేకు! బ్రేకు!"

మంగీలాల్ బ్రేకు గట్టిగా తొక్కాడు. బండి పక్కకు జారి ఆగింది. ముందు చక్రానికి జానెడు దూరంలో, ఇప్పపువ్వు గంపతో ఒక ఆడమనిషి. సంతలో ఎప్పుడూ కనపడే జంపక్క. గంపలోని పువ్వు సగం రోడ్డు పాలైంది.

"ఓరి నీ బండి పాడుగాను! సచ్చేదాన్ని గదయ్యా! గింత మనిషిని, గింత గంపతోని ఎదురొస్తుంటె కనపడలేదా?"

"అద్దం నల్లగుందక్కా. నీడల ఏం కనపడదు."

జంపక్క వంగి హెల్మెట్‌లోకి చూసింది.

"నల్లగుందా? నువ్వు బిక్కమొహం ఏసింది నాకు మంచిగనే కనపడుతుంది. నీకే నేను కనపడలేదా?"

బయటివాళ్లకు లోపల కనపడి, లోపలివాళ్లకు బయట కనపడకపోవడం ఏ రకం అద్దమో మంగీలాల్‌కి అర్థం కాలేదు. దిగి పువ్వు ఏరబోయాడు. చేతికి మట్టే ఎక్కువ వచ్చింది. మిగతాదంతా ఉషారాణే ఏరి గంపలో పోసింది. జంపక్క తిట్టుకుంటూ వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక భయం వేసింది మంగీలాల్‌కి. ఇదే తోవలో తన చేతిలో బండి కాక బస్సు ఉంటే? వెనక నలభై మంది ఉంటే? ఆ తలపునే తట్టుకోలేక కోపం తెచ్చుకున్నాడు.

"పా బిడ్డా, సక్కగ ఆ హెల్మెట్లమ్మెటోని కాడికే పోదాం. వాని మొహాన కొడతా. మనిషి పానం పోతుండె వాని వల్ల!"

ఉషారాణి కదల్లేదు. ఏడుస్తోంది.

"అయ్యో, దెబ్బ తాకిందా?"

"లేదు."

"మరి ఏడుస్తవేంది? ఏం కాలేదు గద." కూతురి తల నిమిరాడు. "గీ నల్ల ఫిల్మ్ పీకి పారేస్తే అన్నీ మంచిగైతయ్. సోమవారం పరీక్ష ఎట్ల పాసైతనో చూడు. కళ్లకేం రోగం లేదు, అంతా ఆ ఫిల్మ్ వల్లనే అయితుందని మీ అమ్మకు నువ్వే చెప్పాలె."

ఉషారాణి చున్నీతో మొహం తుడుచుకుంది. తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఫిల్మ్ నిన్ననే పీకేసిన నాన్నా."