బాతు వెనక గుడ్డ

కొట్టాయన బాతు బొమ్మ కుట్టిన చిన్న గౌనును బల్ల మీద తిరగేసి పరిచాడు.

"ఇదేమిటమ్మా?"

గౌన్లమ్మాయి వంగి చూసింది. బాతు వెనక, కుట్టు ముడులు కనిపించకుండా, వెలిసిపోయిన పసుపు రంగు గుడ్డ ముక్క ఒకటి కుట్టి ఉంది.

"కొత్త గౌనుకి పాత గుడ్డా? పైన పటారం లోన లొటారం అని నా కొట్టుకి పేరు రావాలా? ఇవన్నీ వెనక్కి పట్టుకెళ్ళు. ఇంకోసారి ఇలా వస్తే నీ సరుకు నాకొద్దు."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆమె కుట్టే గౌన్లు కొనేది ఆ ఒక్క కొట్టే మరి.

ముందు గదిలో కుట్టు మిషన్లు పెట్టుకుని పసిపిల్లల గౌన్లు కుడుతుంది. ఎదమీద బొమ్మలు మాత్రం బయట కుట్టిస్తుంది. ఎంబ్రాయిడరీ మిషన్ల వాళ్ళను అడిగితే, "గుప్పెడు గౌన్లకి మిషన్ ఆన్ చెయ్యమంటావా తల్లీ?" అని నవ్వేశారు. అప్పుడు దొరికింది, రెండు వీధుల అవతలుండే పెద్దావిడ. పని నత్తనడకే గానీ, ఆవిడ కుట్టిన బాతు ఈత కొట్టడం ఒక్కటే తక్కువ.

మర్నాడు పెద్దావిడ గౌన్ల సంచీతో వచ్చింది. రాగానే ముందు గౌన్లమ్మాయి కడుపు వంక చూసింది.

"ఎడమ పక్కకు తిరిగి పడుకుంటున్నావా తల్లీ?"

"అది తర్వాత పెద్దమ్మా. ముందు ఈ గుడ్డ సంగతి చెప్పండి."

"ముడులు కదూ, పసి ఒంటికి గరగరలాడతాయి. అందుకని మెత్తటిది వేశాను."

"నేను వెయ్యమన్నానా? వెనక ఎవరు చూస్తారు?"

"చూడరనుకో. గుచ్చుకున్నా పసివాళ్ళు చెప్పుకోలేరు కదా పాపం."

"అందుకని ఎవరో వాడి పారేసిన గుడ్డ తెచ్చి నా గౌన్లకి వేస్తారా? నా పరువేం కావాలి?"

పెద్దావిడ మొహం పాలిపోయింది.

"వాడింది కాదు తల్లీ. అది..."

సంచీ బల్ల మీద పెట్టింది.

"ఇకనుంచి మీరు శ్రమపడొద్దులెండి," అంది గౌన్లమ్మాయి.

"అలాగే తల్లీ. నిండు మనిషివి, మెట్లు దిగేటప్పుడు జాగ్రత్త," అని చెప్పి, పెద్దావిడే కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోయింది.

ఆ పూటంతా గౌన్లమ్మాయికి మనసు చివుక్కుమంటూనే ఉంది. వ్యాపారమన్నాక మొహమాటం పనికిరాదని తనకు తనే సర్దిచెప్పుకుంది.

కొట్టాయన తిప్పి పంపిన గౌన్లను మూటగట్టి అటక మీద పడేసింది. మిషన్ ఆయన్నొకర్ని బతిమాలి ఒప్పించింది. బాతులన్నీ అచ్చు గుద్దినట్టు వచ్చాయి. వెనక కాగితంలాంటి గట్టి గుడ్డ, అదీ సరికొత్తది. కొట్టాయన భేష్ అన్నాడు.

అంతలో పాప పుట్టింది.

తను కుట్టిన గౌనే తొడగాలని ముచ్చటపడి తొడిగింది. కాసేపటికే పాప గుక్కపట్టి ఏడ్చింది. పాలిచ్చింది, జోకొట్టింది, భుజాన వేసుకుని గదంతా తిరిగింది. ఏడుపు ఆగితేనా!

చివరికి ఆమె తల్లి వచ్చి గౌను విప్పింది. పాప ఎదమీద, బాతు ఉన్నంత మేరా, ఎర్రగా కందిపోయి ఉంది.

"ఏం గౌనే ఇది, పిల్లని గీరేస్తోంది! మెత్తటిదేదీ లేదా ఇంట్లో?"

తల్లే అటక మీది మూట దించి, అందులోంచి ఒకటి లాగి తొడిగింది. పాప రెండుసార్లు వెక్కి, నిద్రలోకి జారుకుంది.

గౌన్లమ్మాయి ఆ గౌను లోపలికి వేలు పోనిచ్చి తడిమింది. అంత మెత్తటి గుడ్డ ఆమె ఏ బజారులోనూ చూడలేదు.

"ఎంత మాటన్నానమ్మా ఆవిడని," అని తల్లి ముందు ఏడ్చేసింది.

తెల్లారగానే కొట్టాయనకు ఫోన్ చేసి, మిషన్ బాతుల గౌన్లన్నీ వెనక్కి పంపమంది.

"నీకేమన్నా పిచ్చా?" అన్నాడాయన.

"అనుకోండి," అని పెట్టేసి, పాపను ఎత్తుకుని పెద్దావిడ ఇంటికి బయల్దేరింది.

పెద్దావిడ భర్త కాబోలు, ఒక ముసలాయన తలుపు తీశాడు.

"పెద్దమ్మగారు ఉన్నారాండీ?"

"లేదమ్మా. పోయిన నెల నిద్రలోనే పోయింది." ఆయన పాపను చూశాడు. "నువ్వు గౌన్లమ్మాయివి కదూ? రా, లోపలికి రా."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

"క్షమించమని అడుగుదామని..."

"నీ మీద కోపమేం పెట్టుకోలేదమ్మా. పురుడు వచ్చిందో లేదోనని రోజూ తలుచుకునేది."

"ఆ మెత్తటి గుడ్డ... ఎక్కడ కొనేవారండీ?"

ఆయన మంచం కింది పెట్టె లాగి మూత తీశాడు.

నిండా జానెడు జానెడు గౌన్లు, టోపీలు. పసుపువి, తెల్లవి, గులాబీవి. ప్రతిదానికీ ఎక్కడో ఒకచోట కత్తెర పడి ఉంది.

"అయ్యో! మీ పిల్లలవి దాచుకున్నారా? వీటినా కోసేశారు?"

"పెళ్ళయిన కొత్తలో, కడుపుతో ఉన్నప్పుడు కుట్టుకుంది. ఆ ఒక్కసారే. ఏటా వీటిని ఉతికి, ఎండలో ఆరేసి, మళ్ళీ మడతపెట్టి దాచేది. నీ పని మొదలుపెట్టాక మాత్రం, పెట్టెలో ఉంటే ఏం లాభం, ఏదో ఒక బిడ్డ ఒంటికి తగలనీ అంది."

ఆయన అడుగునుంచి కత్తెర పడని పసుపు గౌను ఒకటి తీసి, పాప మీద కప్పాడు.

"పాతవే గానీ తల్లీ, ఇవి ఇంతవరకూ ఎవరూ తొడుక్కోలేదు."