జాడ లేని పేర్లు

ఆ ఉదయం దిగిన మబ్బు గని నోటి దగ్గరే పడుకుని, పొద్దు గూకినా లేవలేదు.

అన్న బొగ్గు తవ్వే ఆ గనిలోకి దిగిన వాళ్ళు ఎక్కడున్నారో చెప్పే ప్రోగ్రాం తమ్ముడు రాసిందే. వెతికిన పేరుకు జాడ దొరక్కపోతే ప్రోగ్రాం ఆగిపోకుండా, "ఇంటికి చేరాడు" అని చూపేలా తనే పెట్టాడు.

చీకటి పడ్డాక వదిన ఫోన్ చేసింది. "మీ అన్నయ్య ఇంకా రాలేదబ్బాయ్. నీ కంప్యూటర్ జోస్యం ఏమంటోంది?"

అన్న పేరు కొట్టాడు. "ఇంటికి చేరాడు" అని వచ్చింది. అనుమానం తీరక, కిటికీ బయటి మబ్బును చూసి, గనిలో ఎవరికీ లేని పేరొకటి కొట్టాడు. మబ్బయ్య. అతడూ ఇంటికి చేరాడట.

అంటే అన్న జాడ లేనట్టే. గని కాపలాదారును పిలవబోతుంటే మళ్ళీ వదినే చేసింది.

"వచ్చేశాడులే, అన్నానికి రా. వెంట ఎవరినో తీసుకొచ్చాడు."

"ఎవరిని వదినా?"

"మబ్బయ్యట. అదేం పేరో ఏమో! ఇద్దరూ ఉలకరు, పలకరు."

తమ్ముడు వెళ్ళేసరికి నాలుగు కంచాలు వేసి ఉన్నాయి. అన్న చొక్కా మీద బొగ్గు మసి లేదు, చెమ్మ ఉంది. వదిన వడ్డించి తనూ కూర్చుంది. ముద్ద మీద ముద్ద నోటికి వెళ్తూనే ఉంది గానీ, రెండు కంచాల్లో అన్నం తరగడం లేదు.